ఎగెస్కోవ్ కోట: నీళ్లలోని ఆ ఇంట్లో నిజంగా పాతది ఎంత?

ప్రశ్న (ఓడెన్సేవాసి)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా డెన్మార్క్‌లోని ఫ్యూన్ ద్వీపంలో ఉంటున్నాము. వచ్చే వేసవిలో మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారు. నాన్నగారు ఇంజనీరుగా పనిచేసి విరమించినవారు కాబట్టి ఏ పాత కట్టడం చూపించినా గోడల అందం సంగతి తరువాత, ముందు పునాది సంగతి చెప్పమంటారు. అందుకే వారిని ఎగెస్కోవ్‌కు తీసుకువెళ్లే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలని అనుకుంటున్నాను.

చెరువు మధ్యలో ఓక్ దుంగలు దిగగొట్టి, వాటిమీద 1554లో ఈ ఇంటిని కట్టారని అందరూ అంటున్నారు. నాలుగున్నర శతాబ్దాలకు పైగా నీళ్లలో నానుతున్న కర్ర ఎందుకు కుళ్లలేదు? ఒడ్డున బోలెడంత నేల ఉండగా అంత ఖర్చుకు ఓర్చి నీళ్లలోనే ఎందుకు కట్టుకున్నారు? ఫొటోలలో కనిపించే ఎత్తైన బురుజులు, కత్తిరించి తీర్చిన పొదల తోటలు అన్నీ ఆ కాలానివేనా, లేక తరువాత చేర్చినవా? ఇంకొక సందేహం కూడా ఉన్నది. దీనిని కోట అంటున్నారు కానీ ఇక్కడ ఏ రాజూ ఉన్నట్టు కనిపించదు. ఇది రాజుల కోటా, లేక మన వైపు జమీందారుల దివాణం వంటిదా? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు (పునాదిరాయి)

పునాది ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెబుతాను, చరిత్ర తెలిసినవారు మిగిలినది చూసుకుంటారు.

కర్ర కుళ్లడానికి తడి ఒక్కటే చాలదండీ, గాలి కూడా కావాలి. కర్రను తినేసే శిలీంధ్రాలకు ప్రాణవాయువు అందకపోతే బతుకు లేదు. ఎప్పుడూ నీటి అడుగున, అందులోనూ బురదలో కూరుకుపోయి ఉన్న దుంగకు ఆ గాలి అందదు. అక్కడ కొన్ని రకాల సూక్ష్మజీవులు పనిచేస్తాయి కానీ అవి పైపొరను చాలా నెమ్మదిగా మాత్రమే మెత్తబరుస్తాయి, లోపలి చేవ శతాబ్దాల తరబడి బరువు మోస్తూనే ఉంటుంది. వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్ నగరాలు నిలబడి ఉన్నది కూడా ఈ సూత్రం మీదనే. పైగా ఎగెస్కోవ్ చుట్టూ ఉన్నది మంచినీటి చెరువు కనుక, సముద్రంలో ఓడల చెక్కను తొలిచివేసే పురుగు బెడద ఇక్కడ లేదు.

ప్రమాదం వచ్చేదల్లా నీటిమట్టం దిగిపోయినప్పుడే. దుంగల తలలు బయటపడి, కొన్నాళ్లు ఆరి, మళ్లీ తడిసి, మళ్లీ ఆరితే ఎంత గట్టి ఓక్ అయినా ఆ మూరెడు మేర పుచ్చిపోతుంది. పుచ్చింది తల భాగమే అయినా, బరువు ముందుగా పడేది దాని మీదనే కదా. అందుచేత ఆ నీరు అక్కడ చూడటానికి ఉన్న శోభ కాదు, పునాదిలో ఒక భాగం. మీ నాన్నగారికి ఈ ఒక్క మాట చెబితే మిగిలినది ఆయనే మీకు విడమరచి చెబుతారు.

దుంగల పైన రాతి పేర్పు, ఆ పైన ఎర్ర ఇటుక గోడలు ఉంటాయి. డెన్మార్క్‌లో తవ్వుకునే కట్టడపు రాయి చాలా తక్కువ. హిమయుగంలో మంచు పలకలు ఉత్తరం నుంచి దొర్లించుకు వచ్చి పొలాల్లో వదిలిపోయిన గుండ్లే వాళ్లకు దిక్కు. కాబట్టి అడుగున ఆ గుండ్లు, మీద ఇటుక అనేది అక్కడి పాత కట్టడాలలో తరచు కనిపించే పద్ధతి. ఒక అడవి మొత్తం కొట్టి ఈ పునాదికి వాడారని మార్గదర్శకులు చెబుతారు. ఊరికే విని ఆనందించండి, లెక్కలోకి తీసుకోకండి.

జవాబు (పాతకాగితం)

పునాదిరాయి గారు చెప్పినదానికి తరువాయిగా నీళ్లలోనే ఎందుకు అన్న ప్రశ్న దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఇంటి ఆకారమంతా ఆ జవాబులోనే ఉన్నది.

1534 నుంచి 1536 వరకు డెన్మార్క్‌లో సింహాసనం కోసం ఒక అంతర్యుద్ధం జరిగింది. దానిని కౌంటు (ఇది ఒక ప్రభు బిరుదు) వైరం అంటారు. రాజెవరన్నది పైకి కనిపించే తగాదా, దాని వెంటనే రైతులు ప్రభువుల మీద తిరగబడటం కూడా జరిగింది. జట్లాండ్‌లో స్కిప్పర్ క్లెమెంట్ నాయకత్వంలో లేచిన రైతు సేనలు ప్రభువుల ఇళ్లను తగులబెట్టాయి. ఫ్యూన్ ద్వీపం కూడా ఈ మంటలలో చిక్కుకున్నది, యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరు 1535 జూన్‌లో ఈ ద్వీపంలోనే ఓక్స్‌నెబ్యెర్ దగ్గర జరిగింది. చివరకు ప్రభువులే గెలిచారు. గెలిచినా, తమ పొలాల్లో పనిచేసేవారే ఒక రాత్రి కాగడాలతో రాగలరన్న సంగతి ఆ తరం మరచిపోలేదు. ఎగెస్కోవ్ కట్టింది ఆ తరమే.

కట్టించినవాడు ఫ్రాండ్స్ బ్రోకెన్‌హూస్. ఈ ఎస్టేటు ఆయనకు భార్య అన్నె టిన్‌హూస్ వైపు నుంచి వచ్చింది. ఆయన తరువాత రాజ్య సేనాపతి పదవికి ఎదిగి, స్వీడన్‌తో ఏడేళ్ల యుద్ధంలో 1569లో వార్‌బెర్గ్ ముట్టడిలో దెబ్బతిని మరణించాడు. అంటే తన ఇంటిని ముట్టడికి తట్టుకునేలా కట్టించుకున్నవాడు ఇంకొకరి కోటను ముట్టడిస్తూ పోయాడన్నమాట.

ఇప్పుడు ఇంటిని దగ్గరగా చూడండి. దూరం నుంచి ఒకే ఇల్లులా కనిపిస్తుంది కానీ నిజానికి అవి పక్కపక్కన ఆనించి కట్టిన రెండు పొడవాటి ఇళ్లు. రెంటికీ నడుమ ఉన్న ఉమ్మడి గోడ చాలా మందమైనది, ఆ మందం లోపలే రహస్యపు మెట్లు ఉన్నాయి, ఒక బావి కూడా ఉన్నది. శత్రువు ముందరి ఇంట్లోకి చొరబడితే, లోపలివారు ఆ గోడ గుండా వెనుక ఇంట్లోకి తప్పుకుని పోరు సాగించవచ్చు, తాగునీటికి బయటకు రావలసిన అవసరం ఉండదు. మూలల్లో ఉన్న గుండ్రటి బురుజులు గోడ వరుస నుంచి ముందుకు పొడుచుకు వచ్చి ఉంటాయి. వాటిలోని తుపాకి కంతల వెనుక నిలబడినవాడికి గోడ పొడవునా, దాని మొదలు వరకు అంతా కనిపిస్తుంది కనుక గోడను అంటిపెట్టుకుని పాకే మనిషికి దాగే చోటు దొరకదు. చూరు కింద గోడ కొంచెం ముందుకు తోసుకు వచ్చినట్టు ఉండే వరుసకు అడుగున కంతలు ఉంటాయి, అక్కడి నుంచి కిందివారి మీద రాళ్లు వేయవచ్చు, వేడి నీళ్లు పోయవచ్చు. ఆ రోజుల్లో లోపలికి వెళ్లాలంటే ఎత్తి దించే వంతెన ఒక్కటే దారి.

ఇంత ఏర్పాటు పెద్ద సైన్యాన్ని ఆపడానికి చాలదు. పెద్ద ఫిరంగులు తెచ్చినవాడికి ఇటుక గోడ ఒక లెక్క కాదు. ఇది ఫిరంగులు లేని గుంపును కొన్నాళ్ల పాటు బయట నిలబెట్టడానికి కట్టిన ఇల్లని నా అభిప్రాయం. ఫ్యూన్‌లోనే 1538 నాటి హెసెలేయర్‌గోర్ అనే ఇంటిని చూసినా, జీలాండ్ ద్వీపంలో 1556 నాటి బోరెబ్యూ అనే ఇంటిని చూసినా ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. ఆ రెండూ కట్టించినవాడు ఒక్కరే, రాజు మంత్రి, అంటే ఛాన్సలరు, యోహాన్ ఫ్రీస్.

ఇది రాజుల కోట కాదు. రాజవంశానికి చెందని ప్రభువర్గపు కుటుంబం ఉండి, చుట్టూ ఉన్న భూమినీ కౌలు రైతులనూ ఏలుకున్న ఇల్లు. మీరు దివాణంతో పోల్చడం చాలా వరకు సరైనదే.

జవాబు (ఓడెన్సేవాసి)

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు ఇళ్ల సంగతి నాకు ఇంతవరకు తెలియదు. ఆ ఇంట్లో ఒక కూతురిని తండ్రి గదిలో పెట్టి మూసివేశాడని మా సహోద్యోగి చెప్పింది. అది కూడా అడవి కథ లాంటిదేనా? అలాగే ఈ ఎస్టేటు రైతుల పరిస్థితి ఏమిటో కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు (పాతకాగితం)

కూతురి సంగతి కథ కాదు, నిజం. ఆమె పేరు రిగ్‌బోర్ బ్రోకెన్‌హూస్, కట్టించిన ఫ్రాండ్స్‌కు మనుమరాలు. నాలుగవ క్రిస్టియన్ రాజు భార్య కొలువులో పరిచారికగా ఉండేది. అక్కడ ఫ్రెడెరిక్ రోసెన్‌క్రాన్స్ అనే యువ ప్రభువుతో సంబంధం ఏర్పడి, పెళ్లి కాకుండానే 1599లో బిడ్డను కన్నది. ప్రభువర్గపు స్త్రీ విషయంలో అప్పటి చట్టం తండ్రికి అంత అధికారమూ ఇచ్చింది, తండ్రి లౌరిడ్స్ ఆమెను ఎగెస్కోవ్‌లోని ఒక గదిలో బంధించాడు. యావజ్జీవం అక్కడే ఉంచాలన్నది ఆయన ఉద్దేశం. 1604లో ఆయన చనిపోయాకనే ఆమెకు తలుపు తెరుచుకున్నది. రోసెన్‌క్రాన్స్‌కు విధించిన కఠిన శిక్షను మార్చి, హంగరీలో తురుష్కులతో యుద్ధానికి పంపారు. అతడు తిరిగి రాలేదు. రిగ్‌బోర్ మాత్రం ఆ తరువాత చాలా ఏళ్లు బతికి 1641లో పోయింది. ఆ ఇంటి చరిత్రలో నాకు యుద్ధాల కంటే ఈ గది ఎక్కువ గుర్తుంటుంది, ఎందుకంటే శత్రువును బయట ఉంచడానికి కట్టిన గోడలు నిజంగా పనికి వచ్చింది ఇంటి ఆడపిల్లను లోపల ఉంచడానికి.

అచ్చమైన కథ కావాలంటే అదీ ఉన్నది. బురుజు కప్పు కింద ఒక కొయ్య మనిషి బొమ్మ పడుకుని ఉంటుంది. దానిని ఆ చోటు నుంచి కదిలిస్తే క్రిస్మస్ రాత్రి ఇల్లు మొత్తం చెరువులోకి కుంగిపోతుందని నమ్మకం. పునాదిరాయి గారి లెక్క ప్రకారం కుంగితే నీటిమట్టం దిగి కుంగాలి కానీ, బొమ్మను కదిలించి చూసే ధైర్యం ఇంతవరకు ఎవరికీ వచ్చినట్టు లేదు.

జవాబు (శిస్తుబస్తా)

రైతుల సంగతి అడిగారు కాబట్టి ఈ చర్చలోకి వచ్చాను. ఈ ఇళ్ల గురించి రాసేవారు బురుజులు లెక్కపెడతారు కానీ వాటికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అడగరు.

16వ శతాబ్దంలో డేనిష్ ప్రభువుల సంపదకు మూలం ధాన్యం, పశువులు. ఎద్దులను కొట్టాల్లో కట్టి మేపి, మందలుగా దక్షిణాన జర్మను ఊళ్లకు, నెదర్లాండ్స్‌కు తోలి అమ్మేవారు. ఇలా మేపే హక్కు ప్రధానంగా ప్రభువర్గానికే ఉండేది, పైగా వారి సొంత ఎస్టేటు భూమికి పన్ను లేదు. ఫ్యూన్‌లోని అందమైన ఎర్ర ఇటుక ఇళ్లు చాలా వరకు ఈ ఎద్దుల సొమ్ముతో లేచినవే.

ఎస్టేటులో కొంత భూమి ప్రభువు స్వయంగా సాగు చేయించుకునేవాడు, మిగిలినది రైతులకు కౌలుకు ఇచ్చేవాడు. కౌలు రైతు శిస్తు కట్టడమే కాక, తన గుర్రాలు, తన నాగలి, తన మనుషులతో వచ్చి ప్రభువు పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. అచ్చమైన వెట్టి. దున్నకం, కోతలు, నూర్పిడి, బండి తోలకం అన్నీ అందులోకే వస్తాయి. తన పంట కోతకు వచ్చిన రోజే ప్రభువు పంట కూడా కోతకు వస్తుంది, ముందు కోయవలసింది ఎవరిదో అడగనవసరం లేదు.

1733లో దీనికి ఇంకొక ముడి పడింది. ధాన్యం ధరలు పడిపోయి రైతులు భూములు వదిలి పోతున్నారని, గ్రామీణ సైన్యానికి మనుషులు దొరకడం లేదని చెప్పి, ఆరవ క్రిస్టియన్ రాజు కాలంలో ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం 14 నుంచి 36 ఏళ్ల లోపు రైతు మగవాడు తాను పుట్టిన ఎస్టేటు వదిలి పోకూడదు. తరువాత ఆ వయస్సును పొడిగించుకుంటూ పోయి, 1764 నాటికి 4 నుంచి 40 ఏళ్లుగా చేశారు. నాలుగేళ్ల పసివాడికి సైన్యంలో పని ఏమిటో ఆలోచిస్తే చట్టం అసలు ఉద్దేశం బయటపడుతుంది. 1788 జూన్ 20న దీనిని రద్దు చేశారు. ఉన్నవారికి విడుదల దశలవారీగా వచ్చి 1800 నాటికి పూర్తయింది. కోపెన్‌హాగన్‌లో రైలు స్టేషను దగ్గర నిలబడి ఉన్న స్వేచ్ఛాస్తంభం దీని జ్ఞాపకార్థమే, ఆ దారిన పోయేటప్పుడు మీ నాన్నగారికి చూపించండి.

ఎగెస్కోవ్ విషయానికి వస్తే, ఒక శతాబ్దానికి పైగా క్రాగ్ వంశం చేతిలో ఉన్న ఈ ఎస్టేటును హెన్రిక్ బిల్లె 1784లో కొన్నాడు, అంటే చట్టం రద్దుకు సరిగ్గా నాలుగేళ్ల ముందు. ఆ తరువాత అది బంధుత్వం ద్వారానే చేతులు మారుతూ 1882లో ఆలెఫెల్ట్-లౌర్విగ్-బిల్లె కుటుంబానికి చేరింది. నేటికీ వారిదే. 1919లో వచ్చిన చట్టంతో డెన్మార్క్‌లో విభజనకు వీలులేని వంశపారంపర్య ఎస్టేటులు మామూలు ఆస్తులుగా మారాయి. దానికి ప్రతిగా యజమానులు ప్రభుత్వానికి రుసుము చెల్లించి, భూమిలో మూడో వంతు వరకు చిన్న రైతుల కోసం నష్టపరిహారంతో వదులుకోవలసి వచ్చింది. మన మద్రాసు రాష్ట్రంలో 1948 ఎస్టేటుల రద్దు చట్టం జమీందారీనే తీసివేసింది. డెన్మార్క్‌లో ప్రత్యేక హక్కు పోయింది కానీ ఇల్లు, మిగిలిన పొలం వారివే అయ్యాయి. అందుకే నూజివీడులోనో బొబ్బిలిలోనో కనిపించని దృశ్యం ఇక్కడ కనిపిస్తుంది, పాత ప్రభువు ఇల్లు ఇప్పటికీ నడుస్తున్న వ్యవసాయ క్షేత్రం నడుమ ఉంటుంది.

జవాబు (తోటపని)

ఇక మిగిలినది ఫొటోల ప్రశ్న. నేను దక్షిణ స్వీడన్‌లో ఉంటాను, తోటల పిచ్చితో ఎగెస్కోవ్ చూసినదానిని.

మీరు మెచ్చుకుంటున్న ఆ ఎత్తైన బురుజులు ఇప్పుడున్న రూపంలో 1554 నాటివి కావు. 1882లో ఇల్లు కొత్త యజమానికి వచ్చాక, హెల్గో సెట్టర్‌వాల్ అనే స్వీడిష్ వాస్తుశిల్పి చేత పునర్నిర్మాణం చేయించారు. బురుజులు పెంచడం, ప్రవేశం దగ్గర ఇప్పుడు కనిపించే గంభీరమైన ద్వార భవనం కట్టడం ఆ పనిలో భాగమే. స్వీడన్‌లోని లుండ్, ఉప్సాలా నగరాల పెద్ద చర్చిలను మార్చివేసిన మనిషి ఈయనే. మధ్యయుగం ఎలా ఉండేదో దానికంటే ఎలా ఉండి ఉంటే బాగుండేదో అలా కట్టేవాడని ఈయన మీద మా వైపు ఇప్పటికీ విమర్శ ఉన్నది. ఎగెస్కోవ్‌లో మాత్రం చెయ్యి కొంచెం అదుపులోనే పెట్టుకున్నాడని నాకు అనిపిస్తుంది. నీటి నుంచి చూరు వరకు ఉన్న ఇటుక గోడ, తుపాకి కంతలు, జంట ఇళ్ల ఆకారం పాతవి. చూరు దాటి ఆకాశంలోకి పోయే గీత చాలా వరకు 19వ శతాబ్దానిది. ఈ ఒక్క గీటు మనసులో పెట్టుకుని చూస్తే చాలు.

తోటల్లో వయస్సులు ఇంకా కలగాపులగంగా ఉంటాయి. గోడల వలె నిలబడి మిమ్మల్ని నడిపించే ఎత్తైన పొదల కంచెలు 18వ శతాబ్దంలో, క్రాగ్ కుటుంబం కాలంలో వేసిన తోట నుంచి వచ్చినవి. వాటి నడుమ నడుస్తున్నప్పుడు ఇల్లు పూర్తిగా మరుగైపోయి, కంచె తెగిన చోట నీటితో సహా ఒక్కసారి ఎదురవుతుంది. అలా కనిపించాలనే అక్కడ తెంపు పెట్టారు. మరోవైపు, అన్నిటికంటే ప్రాచీనంగా కనిపించే పునరుజ్జీవన కాలపు శైలి తోట, అదే నెమళ్లలా కత్తిరించిన పొదలు, సమకోణపు మడులు ఉన్నది, 1962లో ఫెర్డినాండ్ డూప్రా అనే ఫ్రెంచి తోటల రూపశిల్పి సహాయంతో వేసినది. అంటే ఆ తోట మీ నాన్నగారి కంటే చిన్నదైనా కావచ్చు. దానిని మోసం అనను నేను. తోట రాతి కట్టడం కాదు, ఇరవై ఏళ్లు కత్తెర పడకపోతే ఏ శతాబ్దపు తోట అయినా తుప్పలు పట్టిపోతుంది. కానీ తోటమాలులు రోజూ కష్టపడి కాపాడుతున్నది 16వ శతాబ్దాన్ని కాదు, 20వ శతాబ్దం దాని గురించి కన్న కలను.

ఫ్యూషియా పూల తోట తప్పక చూడండి. ఐరోపాలోని పెద్ద ఫ్యూషియా సేకరణలలో ఇది ఒకటి. ఎర్ర, ఊదా బుట్టలు వేలాడినట్టు ఉండే ఆ పూలు చలికి తాళవు, అందుకే శీతకాలంలో లోపలికి చేర్చవలసినవి. వెదురు పొదలతో వేసిన చిక్కుదారి కూడా ఉన్నది, దానిని రూపొందించింది డేనిష్ కవి, గణితజ్ఞుడు పీట్ హైన్. పెద్దవారిని అందులోకి దింపితే బయటపడేసరికి అలసిపోతారు, ఆలోచించుకోండి.

ఇంటి లోపల వేట నుంచి తెచ్చిన ఆఫ్రికా జంతువుల తలలు గోడల నిండా ఉంటాయి, అవి నాకు నచ్చలేదు. దానికి బదులు టైటానియా సౌధం అనే బొమ్మరిల్లు దగ్గర సమయం గడపండి. సర్ నెవిల్ విల్కిన్సన్ తన కూతురి కోసం మొదలుపెట్టి డబ్లిన్‌లో చేయించగా 1922లో పూర్తయిన ఈ బొమ్మరింట్లో 18 గదులు, మూడు వేలకు పైగా చిన్ని వస్తువులు ఉన్నాయి. 2007 నుంచి దానిని ఇక్కడ ప్రదర్శిస్తున్నారు. బయటి కొట్టాలలో పాత కార్లు, మోటారు సైకిళ్లు ఉన్నాయి, ఇంజనీరు గారిని అక్కడి నుంచి కదిలించడం కష్టం కావచ్చు.

జవాబు (ఓడెన్సేవాసి)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి అడుగుతాను. నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఒక్క పూటలో చూడగలమా, కారు లేకపోతే వెళ్లగలమా?

జవాబు (తోటపని)

కారు లేకపోయినా ఫర్వాలేదు. ఓడెన్సే నుంచి స్వెండ్‌బోర్గ్ వెళ్లే రైలు క్వెర్న్‌డ్రుప్‌లో ఆగుతుంది, కోట ఆ ఊరికి దగ్గరే. అక్కడి నుంచి బస్సు వేళలు మాత్రం ముందే చూసుకోండి, నడక ఆయనకు వద్దు. సాధారణంగా ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు వరకు సందర్శకులను అనుమతిస్తారు. ఒక్క పూట చాలదు, అలాగని అన్నీ చూడాలని పట్టు పట్టవద్దు. తెరిచిన వెంటనే, జనం చేరకముందే ఇంట్లోకి వెళ్లి మెట్ల పని ముగించుకోండి. తోటలన్నీ చదునుగానే ఉంటాయి కాబట్టి వాటిని మధ్యాహ్నానికి ఉంచుకోండి. ఇంట్లోకి వెళ్లే ముందు మాత్రం వంతెన మీద ఒక్క నిమిషం ఆగి, గోడ నీటిలోకి దిగే చోటును ఆయనకు చూపించండి. దుంగలు కనిపించవు, కనిపించకపోవడమే మంచిదని పునాదిరాయి గారు చెప్పారు కదా.